గీత గీసినప్పుడే అడగాలి

ఈ అధ్యాయం ఊరికి దూరంగా ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. అందులోనూ ఒమన్‌లో, మస్కట్‌కు దక్షిణంగా సుమారు 550 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న దుక్మ్‌లో పనిచేస్తున్న మనవాళ్లను కళ్ల ముందు పెట్టుకుని రాస్తున్నాను. కొన్నేళ్లు నేనూ అక్కడే ఉన్నాను. డ్యూటీ దిగి, గదికి చేరి, ఇంత అన్నం వండుకుని ఫోన్ తెరిచేసరికి ఊరి నుంచి ఒక ఫోటో వచ్చి ఉంది. చెరువు కట్టకు అవతల, మొన్నటిదాకా మొక్కజొన్న ఉన్న చోట, రంగులు పూసిన కమాన్. దాని మీద వెంచర్ పేరు. కింద తమ్ముడి గొంతు.

"అన్నా, చెరువు ఎనుకాల మొత్తం ప్లాట్లు చేస్తున్నరు. మన పొలానికి పోయే బాట గూడ అండ్లనే పోతదంటున్నరు. ఏం జేద్దాం?"

ఆ రోజు నేను చేసిన పని చెబుతాను. ఊరి వాట్సాప్ గ్రూపులో ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. భూమి అమ్మినవాళ్లను తిట్టాను, ఊరి పెద్దలను తిట్టాను, చెరువు పోతే ఊరే పోతుందన్నాను. తెల్లారేసరికి ముప్పై మంది దండాలు పెట్టారు. నా మనసు తేలికపడింది. నెల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆ పొలాలను నివాస జోన్‌లోకి మార్చిన ముసాయిదా మ్యాపును అంతకుముందే ఆఫీసులో ప్రదర్శనకు పెట్టారు. అభ్యంతరాల గడువు నేను మెసేజ్ పెట్టిన వారానికి ముగిసింది. మా ఊరి నుంచి ఒక్క కాగితం కూడా అక్కడికి చేరలేదు. ముప్పై దండాలు ఏ ఫైలులోనూ లేవు.

మీకు అలా జరగకూడదు. అందుకే ఈ అధ్యాయం.

దుక్మ్ నేర్పిన వరస

దుక్మ్‌లో మొదటి రోజుల్లో నాకు ఊరన్నదే కనిపించలేదు. చదునైన ఎడారి నేల, ఎండిన తుప్పలు, ఆగని సముద్రపు గాలి, దూరదూరంగా కట్టడాలు. ఒకప్పుడు అక్కడ ఉన్నది చేపలు పట్టేవాళ్లు, ఒంటెలు మేపుకునేవాళ్లు. 2011లో సుల్తాన్ ఖాబూస్ ఇచ్చిన 119/2011 రాజశాసనంతో దుక్మ్ ప్రత్యేక ఆర్థిక మండలికి ఒక అథారిటీ ఏర్పడింది. దాని పరిధి దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందున్న జీహెచ్‌ఎంసీకి మూడింతలనుకోండి. ఆ నేలనంతా ముందు కాగితం మీదే పంచేశారు. ఇది ఓడరేవు, ఇది ఓడల మరమ్మతు యార్డు, ఇది రిఫైనరీ, ఇది చేపల రేవు, ఇది పర్యాటకం, ఇవి ఇళ్లు.

ఆ తర్వాత నేలమీద పని ఒక వరసలో నడిచింది. ముందు రోడ్డు, దాని పక్కన పైపు, ఆ పైన కరెంటు స్తంభం. గోడ లేచింది ఆఖరున. కార్మికుల కోసం కట్టిన శాశ్వత వసతి గ్రామం ఒక్కటే సుమారు 17 వేల మందికి సరిపోతుంది. ఆ మంచాలన్నీ ఒకప్పుడు ఎవరో ఇంజినీరు మ్యాపు మీద రంగు పెన్సిల్‌తో గీసిన ఒక గడి. రోజుకు 2.3 లక్షల పీపాల చమురు శుద్ధి చేసే రిఫైనరీ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దాని చోటు మాత్రం ఎన్నో ఏళ్ల ముందే ఖరారైంది.

పదేళ్లు ఇలాంటి పనుల్లో ఉండి కూడా ఈ వరసను నా ఊరికి అన్వయించుకోలేదు. అదే నా పొరపాటు. ఊరి చివర కమాన్ కనిపించిందంటే మనం మొదటి మెట్టు మీద ఉన్నామనుకుంటాం. అప్పటికి మూడు మెట్లు దాటిపోయి ఉంటాయి. కమాన్‌కు ముందు రోడ్డుకు మార్కింగ్ జరిగింది. దానికి ముందు భూ వినియోగం మారింది. దానికి ముందు మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మన సర్వే నంబరు మీదుగా ఒక గీత పడింది. గీత చెరపడానికి ఒక తీర్మానం చాలు. గోడ పడగొట్టడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా చాలకపోవచ్చు.

ఇంకో మాట. దుక్మ్‌లో ఇళ్లు ఎక్కడ కట్టాలో మనల్ని ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. సమగ్ర పర్యాటక సముదాయాల్లాంటి కొన్ని ప్రత్యేక చోట్ల తప్ప అక్కడ విదేశీయుడికి భూమి హక్కు ఉండదు. ఒమన్ పౌరులకు 2012 నుంచి ఎన్నికైన మున్సిపల్ కౌన్సిళ్లున్నాయి, స్థానిక పాలనాధికారి వలీ ఆఫీసు ఉంది, తెగ పెద్దలున్నారు. మనం అక్కడ పనికి వెళ్లిన అతిథులం. కానీ సొంత ఊళ్లో మనకు ఓటు ఉంది, పట్టా ఉంది, అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. పదేళ్లు పరాయి నేల మీద తలవంచుకుని పనిచేసిన అలవాటులో ఆ హక్కును మరిచిపోతున్నాం.

కామారెడ్డిలో ఏం జరిగింది

గల్ఫ్‌కు ఎక్కువగా మనుషులను పంపే జిల్లాల్లో కామారెడ్డి, జగిత్యాల ఉన్నాయి. పట్టణం అంచున ఉన్న రైతులు మ్యాపును ఎదిరించి నిలిచిన కథ ఆ రెండు చోట్లా ఉంది కాబట్టి, మీ గదిలో ఎవరినడిగినా చెబుతారు.

2022 చివర్లో కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చింది. పట్టణంలో కలిసిన అడ్లూరు, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ లాంటి ఊళ్ల పొలాలు, పక్కనే ఉన్న అడ్లూరు ఎల్లారెడ్డి పొలాలు అందులో ఉన్నాయి. కొన్ని పారిశ్రామిక జోన్‌లో పడ్డాయి, కొన్నింటి మీదుగా వంద అడుగుల రోడ్లు పోయాయి. రెండు పంటలు పండే నేల అది. జోన్ మారితే అమ్ముకుందామన్నా ధర రాదు, బిడ్డ పెళ్లికి కుదువ పెడదామన్నా కుదరదు అన్న భయం ఇంటింటికీ పాకింది. ఆ దిగులులో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరి 5న వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు.

ధర్నా అందరికీ గుర్తుంది, టీవీలో చూశాం. నేను మీకు చూపించాలనుకున్నది దాని వెనక జరిగిన పని. ముసాయిదా మీద అభ్యంతరాలకు జనవరి 11 దాకా గడువుంది. రోడ్డు మీద నినాదాలు చేస్తూనే రైతులు వందల సంఖ్యలో అభ్యంతర పత్రాలు రాసి ఆఫీసులో ఇచ్చారు. కొందరు హైకోర్టుకు వెళ్లారు. ఊళ్లవారీగా కమిటీ వేసుకుని వార్డు కౌన్సిలర్ల మీద ఒత్తిడి పెట్టారు. ఎందుకంటే ముసాయిదా మీద తీర్మానం చేయాల్సింది ఆ కౌన్సిలే. జనవరి 20న కౌన్సిల్ ప్రత్యేకంగా సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాల కౌన్సిల్ కూడా అదే బాట పట్టింది.

అంతకు కొన్ని నెలల ముందు, 2022లో, వరంగల్ చుట్టూ ఇంకా పెద్ద గీత పడింది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 27 ఊళ్లలో 21 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరించి, లేఔట్లుగా అభివృద్ధి చేసి, రైతుకు కొంత ప్లాటుగా తిరిగి ఇస్తామని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ముందుకొచ్చింది. రైతులు ఊరూరా తిరిగి, గ్రామాల్లో తీర్మానాలు చేసి, రోడ్డెక్కారు. మే నెలలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

రెండు చోట్లా గెలుపు గీత దశలోనే వచ్చింది. ఒక్క ఇటుక పడకముందే. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన దగ్గర చాలా పోరాటాలు కమాన్ కట్టిన తర్వాత మొదలవుతాయి.

కాగితం ఎంత బలమైనదో చూడాలంటే అమరావతికి వెళ్లాలి. 2015 జనవరిలో రాజధాని కోసం భూ సమీకరణ మొదలైనప్పుడు రైతుల చేతికి రెండు రకాల పత్రాలొచ్చాయి. భూమి ఇస్తామంటే 9.3, అభ్యంతరం చెబితే 9.2. ఆ నెలల్లో తుళ్లూరు, మంగళగిరి వైపు ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఈ రెండు అంకెలే వినిపించేవి. 29 ఊళ్లలో 33 వేల ఎకరాలకు పైగా భూమి 9.3 దారిలో వచ్చింది. ఉండవల్లి, పెనుమాక రైతుల్లో చాలామంది కృష్ణ ఒడ్డున జరీబు భూముల్లో పూలు, కూరగాయలు, అరటి పండించేవాళ్లు. వాళ్లు 9.2 ఇచ్చారు. 2017లో భూసేకరణ నోటిఫికేషన్లు వచ్చినప్పుడు కోర్టుకు వెళ్లి నిలబడగలిగారంటే, మొదటి రోజునే తమ మాట కాగితం మీద ఉండటం దానికి ఒక ఆధారం. "మేం మొదటి నుంచీ ఒప్పుకోలేదు" అని నోటితో అంటే జడ్జి ముందు చెల్లదు. సంతకం, తేదీ ఉన్న 9.2 చెల్లుతుంది.

మీ ఊళ్లో 9.2 లాంటి అచ్చు పత్రం ఉండకపోవచ్చు. అప్పుడు తెల్లకాగితం చాలు. నేను మా తమ్ముడికి తర్వాత రాసిచ్చిన నమూనా ఇదీ:

"మున్సిపల్ కమిషనర్ గారికి. ఫలానా ఊరు, సర్వే నంబరు ఫలానాలో నాకు రెండెకరాల పది గుంటల వ్యవసాయ భూమి ఉంది. ముసాయిదా మ్యాపులో దాన్ని నివాస జోన్‌లో చూపించారు, దాని మీదుగా అరవై అడుగుల రోడ్డు వేశారు. ఈ భూమికి చెరువు తూము నీళ్లు వస్తాయి, ఏటా రెండు పంటలు తీస్తున్నాం. రోడ్డు వేస్తే తూము కాలువ తెగి, దిగువనున్న మరో నలభై ఎకరాలకు నీళ్లు ఆగిపోతాయి. కాబట్టి ఈ సర్వే నంబరును వ్యవసాయ జోన్‌లోనే ఉంచాలని, రోడ్డును ఉత్తరాన ఉన్న పాత బండ్ల బాట మీదుగా మార్చాలని కోరుతున్నాను. నన్ను పిలిచి నా మాట విన్న తర్వాతే నిర్ణయం తీసుకోవాలని మనవి."

అంతే. తిట్టు లేదు, రాజకీయం లేదు. సర్వే నంబరు ఉంది, నష్టం ఏమిటో ఉంది, దాని బదులు ఏం చేయవచ్చో ఉంది. ఆ చివరిది చాలామంది రాయరు. "వద్దు" అన్న కాగితాన్ని అధికారి పక్కన పెట్టడం తేలిక. "ఇక్కడ వద్దు, అక్కడ వేయండి" అంటే దాన్ని ఎందుకు ఒప్పుకోలేదో ఆయన ఫైలులో రాయాల్సి వస్తుంది. కాగితం ఇచ్చాక రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోండి, ఇన్‌వార్డ్ నంబరు రాయించుకోండి. ఇన్‌వార్డ్ నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఒకే మాట అచ్చేసి వెయ్యి మందితో సంతకాలు పెట్టించడం కంటే, యాభై మంది యాభై సర్వే నంబర్లతో యాభై వేర్వేరు నష్టాలు రాయడం మంచిది. వెయ్యి సంతకాల కాగితానికి ఒకే సమాధానం చాలు. యాభై అర్జీలకు యాభై సమాధానాలు రాయాలి.

రాని విచారణ కోసం ఎదురుచూడకండి

ఇక్కడ చాలామంది మోసపోతారు, అందుకని కాస్త ఆగి చెబుతాను.

గని తవ్వాలన్నా, సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలన్నా కలెక్టర్ సమక్షంలో ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అది మనం చూసిందే. అందుకే ఊరి పక్కన పెద్ద టౌన్‌షిప్ వస్తుందంటే, "సభ పెడతారు కదా, అప్పుడు చెబుదాం" అని కూర్చుంటాం. ఆ సభ రాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 50 హెక్టార్లకు మించిన టౌన్‌షిప్పులకూ తీసుకోవాలి. కానీ అదే నోటిఫికేషన్ భవన నిర్మాణాలనూ టౌన్‌షిప్పులనూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. వేల కుటుంబాలు వచ్చి దిగబోయే చోట, వాళ్ల మురుగు ఏ వాగులోకి వెళ్తుందో చెప్పాల్సింది ఆ వాగు పక్కనున్నవాళ్లే. అయినా నిబంధన అలా ఉంది. ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని నడవాలి.

మరి ఏం మిగిలింది? పర్యావరణ అనుమతుల దరఖాస్తులు, మంజూరు ఉత్తర్వులు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. దుక్మ్ గదిలో కూర్చుని కూడా చూడొచ్చు. ప్రాజెక్టుకు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తామన్నారో, మురుగు ఎక్కడికి పంపుతామన్నారో ఆ కాగితాల్లో రాసి ఉంటుంది. అనుమతి తప్పుగా ఇచ్చారనిపిస్తే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ బెంచి కిందికి వస్తాయి. గడువు 30 రోజులు. గట్టి కారణం చూపిస్తే మరో 60 రోజుల దాకా తీసుకుంటారు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది.

వెంచర్ చెరువును ఆనుకుని ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఎఫ్‌టీఎల్. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దు అది. తెలంగాణలో అమల్లో ఉన్న 2012 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. మ్యాపు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అభ్యంతరాల గడువు అంతకన్నా తక్కువ ఉంటే జవాబు కోసం ఆగొద్దు. అర్జీ ముందు ఇచ్చేయండి, మ్యాపు వచ్చాక అదనపు పత్రంగా జతచేయండి.

ఎవరి ఇంటిని ఆపుతున్నాం?

ఇప్పుడు కాస్త ఇబ్బందైన మాట. వ్యతిరేకించే ముందు, మనం దేన్ని వ్యతిరేకిస్తున్నామో మనకైనా స్పష్టంగా తెలియాలి.

2023లో అమరావతిలో ఆర్-5 జోన్ గొడవ జరిగింది. బయటి ప్రాంతాల పేదలకు ఇళ్ల స్థలాల కోసం ప్రభుత్వం 1,134 ఎకరాలు కేటాయిస్తే, రాజధాని కోసం భూములిచ్చిన రైతులు ఎదురు తిరిగారు. సుప్రీంకోర్టు మే నెలలో, తుది తీర్పుకు లోబడి పట్టాలు పంచుకోవచ్చంది. దాదాపు 50 వేల మంది మహిళలకు పట్టాలు అందాయి. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ల నిర్మాణాన్ని ఆపేసింది. రైతుల వాదనలో బలముంది. ఒక ప్రణాళిక చూపించి భూమి తీసుకుని, తర్వాత దాన్ని మార్చడం మాట తప్పడమే. కానీ ఆ వాదన పక్కనే, టీకొట్ల దగ్గర ఇంకో మాట కూడా వినిపించింది: "వాళ్లొస్తే మన ప్లాట్ల రేట్లు పడిపోతాయి." మొదటి మాట న్యాయం. రెండోది కాదు. చేతిలో పట్టా పెట్టుకుని, ఇల్లు లేక మిగిలిపోయిన ఆ మహిళలు ఎవరికీ శత్రువులు కారు. మీ పోరాటంలో ఈ రెండు మాటలు కలిసిపోతుంటే, రెండోదాన్ని వేదిక మీదికి రానివ్వకండి. మీ ఊరి చివర వచ్చేది పేదల కాలనీ అయితే, తాగునీరు, మురుగు కాలువ, బడి అడగండి. మనుషులను వద్దనకండి.

ఊరంతా మీతో ఉంటుందనీ అనుకోవద్దు. హైదరాబాద్ జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 ఊళ్లలో పెద్ద నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. నగరంలో ఉన్నవాళ్లు ఆ జీవో ఉండాలన్నారు. ఆ ఊళ్లలో చాలామంది రైతులు ఎత్తేయాలన్నారు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి మాత్రం అక్కరకు రాకుండా ఉందన్నది వాళ్ల బాధ. ఇద్దరి మాటలోనూ నిజముంది. మీ ఊళ్లో కూడా గల్ఫ్ ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీర్చడానికి భూమి అమ్ముకున్నవాడు ఉంటాడు. అతన్ని గ్రూపులో ద్రోహి అన్నామంటే, రేపు తూము కాలువ కోసం సంతకం పెట్టమంటే పెట్టడు. నేను తిట్టినవాళ్లలో ఒకరు మా చిన్నాన్నే. మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడటానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇంకా దగ్గరి ప్రశ్న ఒకటుంది. ఆ కమాన్ వెనక ప్లాట్లు కొనేది ఎవరు? దుక్మ్ గదుల్లోకే బ్రోచర్లు వస్తాయి. నెలనెలా కిస్తీ, రిజిస్ట్రేషన్ ఉచితం, బంగారు నాణెం. పక్క ఊరి చెరువు మీద వెంచర్‌కు అడ్వాన్సు కట్టి, మన ఊరి చెరువు కోసం బాధపడితే ఆ బాధకు విలువ ఉండదు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్, ఎనిమిది మించిన ఫ్లాట్లున్న భవనం అమ్మకానికి ముందే రిజిస్టర్ కావాలి. అమ్మే ఏజెంటు కూడా రిజిస్టరై ఉండాలి. రెరా నంబరు చెప్పలేనివాడికి, ఎఫ్‌టీఎల్ మ్యాపు చూపించలేనివాడికి ఒక్క రియాల్ కూడా ఇవ్వకండి. చెరువుల్లో వెంచర్లు వేసే వ్యాపారం మన జీతాల మీదే నడుస్తోంది. దాన్ని ఆపే బలం కూడా మన దగ్గరే ఉంది.

శుక్రవారం చేయాల్సిన పని

దూరం వల్ల మీరు కోల్పోయేది చాలా ఉంది. కలిసొచ్చేది కూడా ఒకటుంది. ఒమన్‌లో శుక్రవారం సెలవు, మన ఊళ్లో ఆ రోజు ఆఫీసులు పనిచేస్తాయి. మనకంటే ఒమన్ గడియారం గంటన్నర వెనక. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ పదిన్నర, గుమాస్తాలు సీట్లలో ఉండే వేళ. ఊళ్లో కూలికి పోయే తమ్ముడికి లేని తీరిక ఆ పూట మీకుంది. మున్సిపల్ ఆఫీసుకు, లాయరుకు ఫోన్ చేయడం, పోర్టల్ చూడటం, అర్జీ ముసాయిదా రాయడం మీ వంతు. వెళ్లి ఇవ్వడం, స్టాంపు వేయించుకోవడం ఊళ్లోవాళ్ల వంతు.

పట్టా మీ పేరున ఉంటే అభ్యంతరం మీ సంతకంతోనే వెళ్లనివ్వండి. దానికి పవర్ ఆఫ్ అటార్నీ అక్కర్లేదు. సంతకం చేసి స్కాన్ పంపండి, అసలు ప్రతిని ఊరికి వెళ్లే మనిషి చేతికివ్వండి. కోర్టు దాకా వెళ్తే పవర్ ఆఫ్ అటార్నీ కావాల్సి రావచ్చు. దాన్ని మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరించుకుని, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో ఏం రాస్తున్నారో ఒక్కొక్క మాటా చదవండి. "కేసు నడపడానికి" అన్న చోట "అమ్మడానికి" అన్న మాట చేరితే, పొలాన్ని కాపాడుకోవడానికి పెట్టిన సంతకమే పొలాన్ని అమ్మేస్తుంది. అన్నదమ్ములైనా సరే, ఆ మాట ఉండనివ్వొద్దు.

డబ్బు పంపితే బ్యాంకు ద్వారానే పంపండి. ఖాతా ఇద్దరి సంతకాల మీద ఉండాలి. లెక్క నెలకోసారి గ్రూపులో పెట్టాలి. గల్ఫ్ డబ్బు వచ్చిందని తెలియగానే కమిటీలో నాయకత్వం దానివైపు వంగుతుంది. ఎక్కువ పంపినవాడి మాట కాకుండా ఎక్కువ నష్టపోయేవాడి మాట చెల్లాలి. దానికి మీరే ముందు వెనక్కి జరగాలి.

దుక్మ్‌లో ఉండగా ఫోన్ జాగ్రత్త. ఒమన్‌లో 2011 నుంచి సైబర్ నేరాల చట్టం ఉంది. ఊళ్లో ఎవరినో తిడుతూ అక్కడి నుంచి పెట్టిన మెసేజ్ మిమ్మల్ని రెండు చోట్లా ఇరికించగలదు. క్యాంపులో ప్లకార్డులు పట్టుకుని ఫోటోలు దిగడం, అనుమతి లేకుండా సభలు పెట్టడం అస్సలు వద్దు. మీ పోరాటం జరగాల్సింది మీ మున్సిపాలిటీలో.

మా తమ్ముడు ఆ తర్వాత కౌన్సిల్ ముందుకు వెళ్లి, పొలం బాటను లేఔట్ రోడ్డుగా కాకుండా పాత బాటగానే ఉంచాలని అర్జీ పెట్టాడు. నలుగురు పొరుగు రైతులు తోడు సంతకాలు చేశారు. అందులో ఒకటి చిన్నాన్నది. వెంచర్ ఆగలేదు, ప్లాట్లు పడ్డాయి. బాట మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఎడ్లబండి అటే వెళ్తుంది.

మీ ఊరి పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతుందేమో ఈ శుక్రవారమే కనుక్కోండి. ఊళ్లో ఒకరిని మున్సిపల్ ఆఫీసుకు పంపి, మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో మ్యాపులో చూసి, ఫోటో తీసి పంపమనండి.